వెనక గదికి అద్దె లేదు

ఆగస్టు 19

ఫౌస్తో పొద్దున బస్సుకు వెళ్ళాడు. గ్వాయాకిల్‌లో వాళ్ళ తమ్ముడింట్లో ఉండి పని వెతుక్కుంటాడు. ఇక్కడ కీటోలో ఇల్లు కట్టించుకునేవాళ్ళెవరూ ఇప్పుడు ఆర్కిటెక్టును పిలవడం లేదు. రెండు నెలలు చాలంటున్నాడు.

టాక్సీ ఎక్కుతూ, "ఇల్లు మాత్రం వదలొద్దు హిమేనా. కుంబాయాలాంటి గొప్పోళ్ళ పేటలో ఉంటానంటేనే నన్ను మనిషిగా చూస్తారు. ఆ చిరునామా పోయిందంటే నేనూ పోయినట్టే" అన్నాడు.

సరే అన్నాను. లోపలికొచ్చి పిల్లలకు గుడ్లు వేయించాను.

ఆగస్టు 20

గడ్డి కోసే మనిషిని మాన్పించాను. ఇంకేమీ లేదు.

ఆగస్టు 30

దోన్యా పియెదాద్ ఫోన్ చేసింది. ఇల్లు ఆవిడది. తుంటి విరిగినప్పటి నుంచి పల్లెలో కూతురి దగ్గర ఉంటోంది. అద్దె అడగడానికి చేశానని ఎప్పుడూ అనదు. అవకాడో చెట్టు ఎలా ఉంది, పైకప్పు కారుతోందా అని అడుగుతుంది. ఈసారి కూడా చెట్టు గురించే అడిగింది.

"కాయలు బాగా వచ్చాయండీ" అన్నాను.

"వస్తాయమ్మా. ఆ నేల అలాంటిది. ఒకటో తారీఖు ఆదివారం పడింది కదా, శనివారమే వేసేయ్."

పద్దెనిమిది వందల డాలర్లు. వేశాను. అదెక్కడి నుంచి తెచ్చానో రాయను. నాకు తెలుసు కదా. మెడ తేలిగ్గా ఉంది.

సెప్టెంబరు 5

ఫౌస్తో ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

"నా మాట పూర్తిగా విను. బాకేరో అని ఒక ఇంజనీరు దొరికాడు. కంపెనీ వాళ్ళు కీటోకి మారుస్తున్నారట. భార్య, కవల పిల్లలు. సామాన్లతో సహా ఇల్లు కావాలట. మనం కట్టే అద్దె వచ్చేస్తుంది, పైన నా ఖర్చులకు కూడా మిగులుతుంది."

"మన ఇంటినా?"

"మన ఇల్లేంటి, ఆ పెద్దావిడ ఇల్లు. మనం ఆవిడ దగ్గర అద్దెకున్నాం, వాళ్ళు మన దగ్గర ఉంటారు. లోకంలో ఎవరూ చేయని పనా?"

అలా చేయకూడదని ఒప్పందంలో రాసుంది. అది అతనికీ తెలుసు. నేను గుర్తు చేయలేదు.

"మరి మేమెక్కడుండాలి?"

"వెనక గది ఖాళీయే కదా" అన్నాడు.

వంటింటి వెనక, బట్టలు ఉతికే రాయి పక్కన ఉన్న గది. మెలీదా మా ఇంట్లో పనిచేసినప్పుడు అందులో ఉండేది. పోయినేడు ఆమెను మాన్పించాక ఖాళీ అట్టపెట్టెలు పెట్టాం.

చిల్యోగాల్యోలో నార్సీసా అక్క దగ్గరికి పోతామన్నాను. ఒప్పుకోలేదు. దోన్యా పియెదాద్ ఫోన్ చేస్తే ఎత్తడానికి నేనుండాలట. హఠాత్తుగా వస్తే కనపడడానికి నేనుండాలట. బడి బస్సు కూడా ఈ గేటు దగ్గరికే వస్తుంది కదా అన్నాడు. ఇంటివాళ్ళం స్పెయిన్‌లో ఉన్నామనీ, ఇల్లు చూసుకోవడానికి ఒక ఆడమనిషి ఉంటుందనీ బాకేరోకి ఫోన్‌లో అప్పుడే చెప్పేశాడు.

"ఆ మనిషిని నేనే అను. నోటి మాటేగా, నోరేమైనా అరిగిపోతుందా? జనవరి దాకా ఓర్చుకో."

సెప్టెంబరు 14

సామాన్లు మార్చాం. దొమెనికా గోడల మీది తన ఫొటోలన్నీ ఒక్కొక్కటే ఊడదీసింది. పదిహేనేళ్ళ పిల్ల, నోరు తెరిస్తే ఆగదు, ఈరోజు ఒకే మాట అంది. "ముగ్గురం ఒకే మంచం మీదా?"

"ఎమిలియోకి కింద పరుపు వేద్దాం."

ఎనిమిదేళ్ళ ఎమిలియోకి ఇదంతా బయట గుడారం వేసుకున్నట్టుంది. కిటికీలోంచి కుళాయి అందుతోందని సంబరపడ్డాడు.

పెళ్ళి ఫొటో మంచం కింద పెట్టాను. హాల్లో మేకు మిగిలిపోయింది. దానికి కాలెండరు తగిలించాను.

సెప్టెంబరు 16

వాళ్ళు వచ్చారు. ఆవిడ పేరు ఓతీలియా. కారు దిగకముందే మాటలు మొదలుపెట్టింది, సముద్రం ఒడ్డువాళ్ళు అలాగే మాట్లాడతారు.

"అబ్బబ్బ, ఇదేం చలి! మనుషులు ఇందులో ఎలా బతుకుతారమ్మా? నువ్వేనా ఇల్లు చూసుకునేది? నీ పేరేంటి?"

"హిమేనా అండీ."

"బావుంది. వంట వచ్చా? నాకు గ్యాస్ పొయ్యి చూస్తేనే తలనొప్పి. ఊరికే చేయమననులే, జీతం ఇస్తాను."

వద్దనలేకపోయాను. వద్దంటే కారణం చెప్పాలి.

"ఈ పిల్లలు నీవాళ్ళేనా? వాళ్ళ నాన్నేడీ?"

"గ్వాయాకిల్‌లో పని వెతుక్కుంటున్నారు."

"పాపం. మా ఊళ్ళోనా? దొరుకుతుందిలే."

ఆవిడ అడిగిన ప్రతిదానికీ ఉన్నదే చెప్పాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

సెప్టెంబరు 17

రొయ్యలు వండడం నేర్చుకోవాలి.

సెప్టెంబరు 29

పని ఎక్కువేమీ కాదు. ఇదివరకూ ఇదే ఇల్లు ఊడ్చేదాన్ని, ఇదే పొయ్యి మీద వండేదాన్ని. ఇప్పుడు జీతం వస్తోంది. అలా చూస్తే నయమే.

పైకి వెళ్ళి పక్కలు సర్దుతాను. మా గది కిటికీలోంచి ఇలాలో అనే కొండ కనిపిస్తుంది. అక్కడ ఎక్కువసేపు నిలబడను. ఓతీలియా మంచానికి ఏ వైపు పడుకుంటుందో నాకు తెలుసు. నా వైపే.

అక్టోబరు 11

దొమెనికా ఇప్పుడు బడి బస్సును మలుపులో రొట్టెల కొట్టు దగ్గరే ఆపమంటోందట. అక్కడి నుంచి నడిచి పక్క గేటులోంచి వస్తుంది. స్నేహితురాళ్ళు ఇంటికి వస్తామంటే ఇల్లు బాగుచేయిస్తున్నామని చెప్పిందట.

"ఎన్నాళ్ళు బాగుచేయిస్తామమ్మా?" అని అడిగింది.

"జనవరి దాకా."

అక్టోబరు 18

ఈరోజు ఎమిలియో నన్ను పేరు పెట్టి పిలిచాడు. కవలలతో ఆడుకుంటున్నాడు. వాళ్ళు "హిమేనా, నీళ్ళు!" అంటే వీడూ "హిమేనా, నాకూ!" అన్నాడు.

ముగ్గురికీ ఇచ్చాను.

నవంబరు 2

చనిపోయినవాళ్ళ పండుగ. ఓతీలియా సెలవిచ్చింది. పిల్లల్ని తీసుకుని బస్సులో అక్క దగ్గరికి వెళ్ళాను. అమ్మ సమాధి దగ్గర పూలు పెట్టి వచ్చాక అక్క ఊదారంగు జావ కాచింది, బొమ్మ రొట్టెలు పెట్టింది. పిల్లలు డాబా మీదికి వెళ్ళాక నా చేతులు పట్టుకుని చూసింది.

"ఈ చేతులేంటే? క్లోరిన్‌లో నానబెట్టావా?"

చెప్పాను. మొత్తం కాదు గానీ, చాలా.

"అంటే నువ్వు అద్దె కట్టే ఇంట్లో నువ్వే జీతానికి పనిచేస్తున్నావా?"

"ఊఁ."

"ఆ జీతం ఏం చేస్తున్నావు?"

"ఫౌస్తోకి పంపినంత పంపగా అద్దెకు తక్కువైతే అందులో వేస్తున్నాను."

అక్క పకపకా నవ్వింది. జావ గ్లాసు బల్ల మీద ఒలికేదాకా నవ్వింది. తర్వాత నా ముఖం చూసి ఆపేసింది.

"ఇక్కడికి రండే. రెండే గదులు, ఇరుక్కుందాం. నేను పడుకుంటే గురక పెడతానంతే, కరవను."

"జనవరిలో చూద్దామక్కా."

"ఆ మొగుడనేవాడికి ఇల్లు కావాలా, పెళ్ళాం కావాలా? అడిగావా ఎప్పుడైనా?"

ఒలికిన జావ తుడిచాను.

నవంబరు 20

ఎమిలియోకి దగ్గు. గదిలో చెమ్మ ఉంది. సున్నం వేయిస్తే పోతుంది.

డిసెంబరు 7

జనవరి కాదు, జూన్ అంటున్నాడు ఫౌస్తో. ఒక పెద్ద పని వచ్చేలా ఉందట. ఎక్కడుంటారని వాళ్ళడిగితే కుంబాయా అన్నాడట. "వెంటనే చూపు మారిపోయింది హిమేనా, చూడాల్సింది నువ్వు!"

జూన్ అంటే బడి కూడా అయిపోతుంది. నిజానికి అదే సౌకర్యం.

డిసెంబరు 24

ఓతీలియా అందరికీ బహుమతులిచ్చింది. ఎమిలియోకి బంతి, దొమెనికాకి ఊలు శాలువా. నాకు పెట్టెలో పెట్టి, రిబ్బను కట్టి ఇచ్చింది. నీలం రంగు పని దుస్తులు, తెల్ల కాలరు, జేబు మీద చిన్న కుట్టు పువ్వు.

"నీ మంచి బట్టలు పొయ్యి దగ్గర పాడైపోతున్నాయని చూస్తూనే ఉన్నాను. తొడుక్కో, తొడుక్కో!"

కొలత సరిగ్గా సరిపోయింది. దొమెనికా తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయింది. శాలువా ఇంతవరకూ విప్పలేదు.

ఓతీలియా మంచి మనిషి. అది రాసుకోవాలి.

జనవరి 9

ఏమీ లేదు.

జనవరి 10

ఏమీ లేదు.

జనవరి 15

పొద్దున గంట మోగితే తలుపు తీశాను. దోన్యా పియెదాద్. చేతికర్ర, నల్ల కోటు. ఫోన్ చేయకుండా వచ్చింది. గేటు కాపలావాళ్ళకు ఆవిడ పాతికేళ్ళుగా తెలుసు, ఎవరాపుతారు?

నన్ను కిందా పైనా చూసింది. "హిమేనా? ఏంటమ్మా ఈ వేషం?"

అంతలో కవలలు అరుచుకుంటూ పరుగెత్తి వచ్చారు. వాళ్ళ వెనకే ఓతీలియా. "ఎవరు హిమేనా? లోపలికి రమ్మను, చలిలో నిలబెట్టావేం?"

దోన్యా పియెదాద్ ఆవిడ వైపు చూసింది, నా కాలరు వైపు చూసింది. అంతే, మొత్తం అర్థమైపోయింది. ముసలావిడ మెదడు కత్తి.

"ఈ ఇంటివాళ్ళ పాత స్నేహితురాలినమ్మా. ఇటుగా వెళుతూ చెట్టు చూసిపోదామని ఆగాను" అంది.

సోఫాలో కూర్చుంది. నేను కాఫీ తెచ్చాను. ఆవిడ మెల్లిగా తాగుతూ, ఇల్లు సౌకర్యంగా ఉందా, అద్దె ఎంత, ఎన్నాళ్ళుంటారు అని ఒక్కొక్కటే రాబట్టింది. ఓతీలియా అన్నీ చెప్పేసింది. తర్వాత ఆవిడ చేతికర్ర టక్కుటక్కుమనిపిస్తూ వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది.

"నీ మొగుడి తెలివా, నీ తెలివా?"

"ఆయనదే. నేను సరే అన్నాను."

"ఇంతకంటే తక్కువ తప్పులకే జనాన్ని వీధిలో పెట్టాను. కానీ కోర్టుల చుట్టూ తిరిగే తుంటి కాదు నాది." కుర్చీ లాక్కుని కూర్చుంది. "విను. ఫిబ్రవరి నుంచి మీ ఒప్పందం లేదు. వీళ్ళు నాకే కడతారు. ఇల్లు చేతులు మారిందని చెప్తాను, నీ సంగతి ఎత్తను. సామాన్లు ఇక్కడే ఉండనీ, ఎక్కడ పెట్టుకుంటావులే. నువ్వు పిల్లలతో ఆ వెనక గదిలోనే ఉండు. దానికి అద్దె అడగను. నేనేం రాక్షసిని కాదు."

"థాంక్సండీ" అన్నాను.

"కాఫీ బావుంది" అని లేచింది.

జనవరి 16

పెళ్ళయ్యాక మొదటిసారి ఒకటో తారీఖంటే భయం లేదు. వెనక గదికి అద్దె లేదు. నీళ్ళకు, కరెంటుకు కట్టక్కర్లేదు. తిండి వంటింట్లోనే. ఎవరైనా కూర్చుని ఆలోచిస్తే ఇది మంచి ఏర్పాటే అంటారు.

ఫౌస్తోకి ఇంకా చెప్పలేదు. ఏదో పనిలో ఉంటాడు.

జనవరి 22

బట్టలు ఉతుకుతూ దొమెనికాకి చెప్పాను. అది పక్కన నిలబడి దుప్పటి కొస పట్టుకుని పిండుతోంది.

"అంటే ఇక నువ్వు నిజంగానే పనిమనిషివి."

"ఉద్యోగం అనుకో."

"ఇన్నాళ్ళూ నాటకం అనుకున్నాను. నాటకమైతే ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది." దుప్పటి వదిలేసింది. అది నేల మీద పడి మట్టి అయింది. "నీకు కోపం రాదా అమ్మా? మెలీదాకి కూడా వచ్చేది!"

ఆలోచించి చూశాను. లోపల వెతికాను కూడా.

"సబ్బు అయిపోయింది, రేపు గుర్తు చెయ్" అన్నాను.

జనవరి 26, ఆదివారం

ఇది వరసగా రాయాలి.

మధ్యాహ్నం భోజనానికి ఇంజనీరు గారు ఆఫీసువాళ్ళిద్దరినీ వాళ్ళ భార్యలనూ పిలిచాడు. నేను బంగాళాదుంపల సూప్ చేశాను, పైన జున్ను, అవకాడో ముక్కలు. అందరూ కూర్చున్నారు. నేను వడ్డిస్తుంటే వీధి తలుపు తెరుచుకుంది. ఆ తలుపు తెరిచేవాళ్ళంతా బల్ల దగ్గరే ఉన్నారు కదా అనుకున్నాను.

దొమెనికా. పుట్టినరోజు గౌను వేసుకుంది, జుట్టు దువ్వుకుంది. నేరుగా వచ్చి కిటికీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

ఓతీలియా నవ్వింది. "ఏంటమ్మా దొమెనికా, ఏమైనా కావాలా?"

"భోజనం కావాలండీ. ఎప్పుడూ ఇదే కుర్చీలో కూర్చునేదాన్ని."

ఎవరో కిసుక్కుమన్నారు. అది ఆగలేదు.

"మెట్లెక్కగానే కుడి పక్క గది నాది. దాని కిటికీ పైకెత్తి లాగితే గానీ మూసుకోదు, మీకు తెలిసే ఉంటుంది. ఈ బల్ల మా అమ్మమ్మది. మేం స్పెయిన్ వెళ్ళలేదు. వెనక గదిలోనే ఉన్నాం. మీరు కట్టే అద్దెతో మా నాన్న ఈ ఇంటికే అద్దె కడుతున్నాడు. మీరిచ్చే జీతం కూడా అందులోనే పోతోంది. ఆవిడ పనిమనిషి కాదు, ఈ ఇల్లు నడిపిన మనిషి. మా అమ్మ."

నేను అప్పుడు ఇంజనీరు గారికి వడ్డిస్తున్నాను. ఆ గిన్నె నింపాను. పక్కావిడ గిన్నె కూడా నింపాను. ఒక్క చుక్క కింద పడలేదు.

"నిజమేనా?" అంది ఓతీలియా.

"నిజమేనండీ."

ఇంజనీరు గారు ఏదో జోకు అనుకుని అందరి ముఖాలూ చూస్తున్నాడు. ఓతీలియా ముఖం ఎర్రబడింది.

"మరి నోరు మూసుకుని ఎందుకున్నావే? నా లోబట్టలు కూడా నీచేత ఉతికించానే! నీ మంచం మీద పడుకుని, నీకు... నీకు బట్టలు కుట్టించి, రిబ్బను కట్టి ఇచ్చానే! నన్నేమనుకున్నావు నువ్వు? రోజూ నన్ను చూసి లోపల నవ్వుకున్నావా?"

"లేదండీ. నవ్వు రాలేదు."

ఆవిడ ఏడ్చేసింది. కోపంతోనే ఏడ్చింది. ముక్కు తుడుచుకుని లేచి, వంటింట్లోకి వెళ్ళి గిన్నె తెచ్చి దొమెనికా పక్కన ఠపీమని పెట్టింది. కుర్చీ లాగింది.

"కూర్చో. ముందు తిను. తర్వాత తిట్టుకుందాం."

కూర్చున్నాను. అతిథులు చెంచాల వంక చూసుకుంటున్నారు. దొమెనికా బల్ల కింద నా మోకాలు పట్టుకుంది. సూప్ తిన్నాను.

ఉప్పు తక్కువైంది. ఇన్ని నెలల్లో ఎవరూ చెప్పలేదు.

జనవరి 27

పొద్దున కాఫీ ఎవరు పెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. నేనూ ఓతీలియా పొయ్యి దగ్గర కాసేపు నిలబడ్డాం. చివరికి ఎవరూ తాగలేదు.

"ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళుండు, అతిథిలా ఉండు" అంటోంది. ఆ గదిలో అతిథిలా ఎలా ఉంటారో ఆవిడకూ తెలియదు.

జనవరి 28

ఫౌస్తోకి చెప్పాను. దోన్యా పియెదాద్ సంగతి, ఆదివారం సంగతి, అన్నీ.

"ఏం చేశావు హిమేనా!"

"నేనేం చేయలేదు. దొమెనికా చెప్పింది."

"ఆపలేకపోయావా?"

"వడ్డిస్తున్నాను."

"అంతా పోయింది. ఇక ఎవరు పనిస్తారు నాకు?"

"ఫౌస్తో, ఎమిలియో నవంబరు నుంచి దగ్గుతున్నాడు" అన్నాను. అది ఎందుకన్నానో తెలియదు. ఇన్ని నెలల్లో ఆ మాట అతనికి చెప్పలేదని అప్పుడే తట్టింది.

ఫిబ్రవరి 1

మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్ళడానికి అక్క తెలిసినవాళ్ళ లారీ తీసుకొచ్చింది. పైన పెద్ద మంచం ఒక్కటి తప్ప బల్ల, మిగతా మంచాలు అన్నీ మాతోనే వస్తాయని దోన్యా పియెదాద్‌కి ఫోన్‌లో చెప్పాను. ఆవిడ "వంటమనిషిని వెతుక్కోవాలన్నమాట వాళ్ళు" అంది.

ఓతీలియా గేటు దాకా వచ్చింది. నన్ను కావలించుకోబోయి, సగంలో ఆగి, మళ్ళీ గట్టిగా కావలించుకుంది. నీలం బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఆవిడ మంచం మీద పెట్టి వచ్చాను. నా వైపు.

ఫిబ్రవరి 9

ఫౌస్తో వచ్చాడు. బక్కచిక్కాడు. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని ఉంటాడు. అక్క అన్నం పెట్టి, "తినవయ్యా, ఈ చిరునామాలో కూడా ఆకలి వేస్తుంది" అంది. తిన్నాడు.

దొమెనికా మూడు బస్సులు మారి బడికి వెళుతోంది. ఎమిలియోకి దగ్గు తగ్గింది.

ఫిబ్రవరి 15

అక్క వీధిలోనే రెండు గదులు ఖాళీ అయ్యాయంటే నేనూ ఫౌస్తో చూడడానికి వెళ్ళాం. ఇంటావిడ పేరు త్రాన్సితో, కింద కోళ్ళ మేత కొట్టు నడుపుతుంది. మెట్ల మీద మమ్మల్ని ఆపి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఏం పని చేస్తావు బాబూ?"

"ఆర్కిటెక్టునండీ" అన్నాడు ఫౌస్తో.

"అది కాదు నాయనా. నెల తిరిగేసరికి డబ్బులొచ్చే పని ఏంటని."

అతను గోడ వైపు చూశాడు.

"నేను వంట చేస్తాను" అన్నాను.

"ఎక్కడ చేశావు?"

"కుంబాయాలో. ఒక ఇంట్లో."

"గొప్పోళ్ళ ఇళ్ళే అవన్నీ. బాగా చూసుకున్నారా?"

"బాగానే చూసుకున్నారు."

"మరి ఎందుకు మానేశావమ్మా? అంత మంచి ఇల్లు వదులుకుని?"

ఏం చెప్పాలో ఆలోచించలేదు. "అక్కడ పనిచేయాలంటే నేనే అద్దె కట్టాల్సి వచ్చేది. అది నాకు ఎక్కువైంది" అన్నాను.

త్రాన్సితో ఒక్క క్షణం నన్ను చూసి గొల్లున నవ్వింది. మేత బస్తాల దగ్గర కోళ్ళు చెదిరాయి. నాకూ నవ్వొచ్చింది. మొదట మామూలుగానే వచ్చింది. తర్వాత ఆగలేదు. ఆవిడ ఆపేసినా నేను ఆపలేకపోయాను, కడుపు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాను. ఎక్కడో మధ్యలో అది నవ్వు కాకుండా పోయింది. ముఖమంతా తడిసిపోయింది. ఆవిడ కంగారుపడి నీళ్ళకు లోపలికి వెళ్ళింది.

ఫౌస్తో నిలబడే ఉన్నాడు. తర్వాత వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. "హిమేనా, ఇంటికెళ్ళాక నీకు జరిగిందంతా మొదటి నుంచీ చెప్పు" అన్నాడు.

"ఇంటికెళ్ళాక కాదు, ఇక్కడే చెప్తాను" అని మొదలుపెట్టాను.